ప్రారంభపు పద్దు

బాలానగర్, రెండో గల్లీ. కరెంటు పోయింది గనక
రేకుల షెడ్డులో ఇవాళ మాటలు వినిపిస్తున్నాయి.
చాయ్ గ్లాసుల కింద స్టాంపు పేపరు,
నా ఒళ్లో కొత్త చిట్టా, ఇంకా జిగురు వాసన వదల్లేదు.

ముందు ముస్తఖీమ్ భాయ్.
రెండు లక్షలు, ఆటో అమ్మిన డబ్బు,
రబ్బరు బ్యాండు వేసి బిర్యానీ కవర్లో.
ఇది సులువు. నగదు ఖాతాకు ఖర్చు, ముస్తఖీమ్ మూలధనానికి జమ.
వచ్చింది ఎడమ పక్క, తెచ్చినవాడు కుడి పక్క.
ఆటో సంగతి నోటు మీద ఎక్కడా ఉండదు.

జగదాంబది లేత్ మిషను.
"మూడు లక్షల ఎనభై వేలకు కొన్నడు మా ఆయన, రసీదున్నది."
ఉంది. మడతల దగ్గర చిరిగి, నూనె పీల్చి.
అమ్మా, అప్పటి ధర ఈ పుస్తకంలోకి రాదు,
ఇవాళ ముగ్గురూ ఒప్పుకున్నదే వస్తుంది.
ఆమె మిషను చుట్టూ ఒక్కసారి తిరిగి
చక్ మీద చెయ్యేసి తనే అంది, లక్షా నలభై,
సంతలో పరాయివాళ్ల బర్రెకు ధర కట్టినట్టు.
బ్యాంకు బాకీ ముప్పై వేలు, అదిక కంపెనీ నెత్తిన.
పోగా ఆమెకు జమ లక్షా పది.

బాల్‌నర్సు చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు
చేతులకంటే నల్లనైన గుడ్డతో.
జేబులోంచి చిన్న నోటుబుక్కు తీశాడు.
జీడిమెట్ల, సనత్‌నగర్, చెర్లపల్లి: నలభై మంది గిరాకీలు,
ఎవరి పంపుకు ఏ షాఫ్టు,
వెంట్రుకవాసి తేడాకు ఎవరు తిడతారు, ఎవరు ఊరుకుంటారు.
"పైసల్ లేవు సార్. గిదే."

నేను చదువుకున్నవాణ్ణి.
డబ్బిచ్చి కొనని మంచిపేరును ఆస్తిగా రాయకూడదని తెలుసు.
చెప్పాను. నా గొంతు నాకే నచ్చలేదు.

ముస్తఖీమ్ భాయ్ గ్లాసు కింద పెట్టాడు.
"నా దాంట్లకెళ్లి నలభై తీసి ఆయనకెయ్యిండ్రి."
జగదాంబ లెక్క వేసింది వేళ్ల మీద.
"లక్ష మీద గా పదివేల చిల్లరెందుకు నాకు?
గుండుగ లక్ష చేసి, మిగిలింది గాయనకు రాయి."

రాయొచ్చు. ఆ పద్ధతి ఉంది.
లక్షా అరవై, లక్ష, యాభై.
కూడాను. మూడు లక్షల పదివేలు,
ఇందాకటి మొత్తమే, రూపాయి పెరగలేదు.
మళ్లీ కూడాను. తప్పు దొరుకుతుందేమో అని కాదు.

పద్దు కింద వివరణ రాసి, చివరగా ఒక మాట చెప్పాను:
మార్చి నెలాఖరుకు మిషను మీద తరుగుదల రాస్తాను,
అది అరుగుతుంది కదా.
"మరి గాయన చేతులకు?" అంది జగదాంబ.

అప్పుడే కరెంటొచ్చింది.
నేనేదో అన్నాను, లేత్ చప్పుడులో ఎవరికీ వినపడలేదు.