ఇనుప రజను

ఒతారు రేవులో మంచు మోకాలిదాకా పడ్డ రోజున
నోబోరి గారిని ఆస్పత్రికి తీసుకెళ్లారు.
వెళ్తూ వెళ్తూ తాళాల కొట్టు సంగతి ఎత్తలేదు,
సైకస్ కుండీ సంగతే.

"నీళ్లు తక్కువ పొయ్యి. జాలి అసలే వద్దు.
మట్టిలో వేలు దించు, రెండో కణుపుదాకా పొడిగా ఉంటేనే.
నడినెత్తిన పొయ్యకు, మొవ్వు కుళ్లుతుంది.
హీటరుకి దూరం, కిటికీకి దగ్గర.
ఆదివారానికోసారి పావుచుట్టు తిప్పు.
పిల్లిని మాత్రం..."
అంబులెన్సు తలుపు పడింది.

పిల్లి సంగతి నేనే కనుక్కున్నాను:
గింజ, ఆకు, వేరు, అంతా విషమేనట.
గోమాకి ఏదో ఒకటి నమలనిదే తోచదు.
కుండీని బీరువా మీదికెక్కించాను.
అప్పట్నుంచి నాకూ దానికీ ఎడమొహం పెడమొహం.

తాటి కాదు, ఈత కాదు,
వాటి చుట్టాన్నని చెప్పుకు తిరిగే ముసలి జాతి.
ఒళ్లంతా పొలుసులు. ఆకు ఆకుకీ సూది.
దుమ్ము తుడవబోతే మణికట్టు మీద గీతలు.
డిసెంబరు. జనవరి. ఉలుకూ పలుకూ లేదు.
రెండు ఆకులు పసుపెక్కాయి.
నీళ్లు ఎక్కువయ్యాయా, చాల్లేదా,
అడిగితే చెప్పే రకం కాదు
పెంచినాయన లాగే.

ఆయన పుట్టిన దక్షిణపు దీవిలో
కొండవాలు నిండా ఇవేనట.
కరువులో గింజలు దంచి, నానబెట్టి,
నీళ్ల మీద నీళ్లు మార్చి, విషం వదిలించి
జావ కాచుకునేవాళ్లట.
ఆకలికి ఆగలేక తొందరపడ్డవాళ్లు...
అక్కడ ఆగిపోయేవారు ఎప్పుడు చెప్పినా.
అక్క పేరు ఒక్కసారే విన్నాను. త్సురుచియో.
మరి దీన్నెందుకు ఇంట్లో పెట్టుకున్నారంటే
తాళంకప్పలో నూనెచుక్క వేస్తూ ఉండిపోయారు.

వాళ్ల భాషలో దీని పేరుకి
ఇనుముతో బతికేదని అర్థం.
వాడిపోతే కాండంలో తుప్పుమేకులు దిగ్గొట్టేవాళ్లట.
నాకు చెయ్యి రాలేదు.
తాళంచెవులు కోసే మిషను కింది రజనులోంచి
ఇత్తడిని వదిలేసి
అయస్కాంతంతో ఇనుమును మాత్రం ఏరి
చిటికెడు చిటికెడు మొదట్లో చల్లాను,
ఎవరూ చూడకుండా.

మార్చి చివర్లో మొవ్వు ఉబ్బింది.
గోధుమరంగు నూగు చీల్చుకుని
గడియారం స్ప్రింగుల్లా చుట్టలు చుట్టలుగా
ఒక్కసారే పదకొండు ఆకులు.

ఫోను చేశాను.
"ఇక తిప్పకు. గట్టిపడేదాకా కదిపితే వంకర పోతాయి."
చాలాసేపు దగ్గు.
"రజను వేశావా?"
"వేశాను."
"దానివల్ల కాదు."
పెట్టేశారు.

ఈ ఆదివారం తిప్పలేదు.
గోమా కింద కూర్చుని పైకే చూస్తోంది.
సాయంత్రం మిషను తుడుస్తుంటే
అయస్కాంతం
దానంతటదే చేతిలోకి వచ్చింది.