ఐదో కాలు

పెన్నులు బయటే పెట్టమంది మిస్ మెకాలమ్.
లోపలికి పెన్సిల్ ఒక్కదానికే ప్రవేశం.
పెన్సిల్ బొమ్మ చూడటానికి పెన్సిల్‌తోనే వెళ్ళాలన్న ఆ నియమం
నాకు భలే నచ్చింది.

గ్లాస్గోలో బుధవారం, మధ్యాహ్నం రెండు.
కిటికీ అవతల వాన, దాని పని అది చేసుకుంటోంది.
నాకు డ్యూటీ లేదు.
చేతులు కడుక్కుని, తడి లేకుండా తుడుచుకుని,
భోజనాల వేళకంటే ముందొచ్చిన చుట్టంలా కూర్చున్నాను.

ఆమె పెట్టె తెరిచి పల్చటి కాగితం పొర తొలగించింది.
ఆరుగురు రౌతులు.
గీసిన చెయ్యి ఎవరిదో తెలియదట. పదిహేడో శతాబ్దం, బహుశా.
ఆ 'బహుశా'ను
గాజుగ్లాసు బల్లమీద పెట్టినంత మెల్లగా పెట్టింది.

ముందు నాకు కనిపించింది దుమ్ము.
దాన్ని ఎవరూ గీయలేదు.
గుర్రాల పొట్టల కింద కాగితాన్ని ఖాళీగా వదిలేస్తే
అదే రేగింది.
తర్వాత మెలికలు. బరోక్ కాలం వాళ్ళకి
తిన్నని గీత సరిపడదు కాబోలు:
మెడలు మెలి, తోకలు మెలి, జీను మీద నడుములు మెలి,
గాలి కూడా నేరుగా వీచదు.

నేను ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాను.
పదకొండేళ్ళుగా బూడిదరంగే నాకు కూడు.
ఎముక ఎక్కడ నిజం చెబుతుందో, నీడ ఎక్కడ బొంకుతుందో
కాస్తో కూస్తో తెలుసు.
అందుకే కాళ్ళు లెక్కపెట్టాను.

మూడో గుర్రానికి ఐదు.

ముందుకాలు మడిచి గీశాడు. నచ్చలేదు.
చెరపలేదు. పక్కనే చాచి ఇంకొకటి, మొన గట్టిగా నొక్కి.
పాతది అలాగే ఉండిపోయింది
రోగి కదిలితే పడే మసకలా.
మా గదిలో అయితే అది తప్పు.
'కదలకండి, ఊపిరి బిగబట్టండి' అని మళ్ళీ తీస్తాం.
ఇక్కడ ఆ తప్పే పరుగు.
మిగతా ఐదు గుర్రాలూ అందంగా ఆగి ఉన్నాయి.
ఇదొక్కటే వస్తోంది.

భూతద్దం ఇచ్చింది మిస్ మెకాలమ్.
అందులో గుర్రం లేదు, రౌతు లేడు,
గరుకు కాగితం గట్ల మీద నల్లటి రేణువులు.
అద్దం ఎత్తగానే సకిలింపు.
మళ్ళీ దించాను. మళ్ళీ ఎత్తాను.
ఆమె చూడనట్టు నటించింది.

చివరి రౌతుకి టోపీ ఉంది, టోపీకి ఈక ఉంది,
కళ్ళెం పట్టిన పిడికిలి ఉంది.
మొహం దగ్గరికొచ్చేసరికి
వెలుతురు పోయిందో,
ఎవరైనా అన్నానికి పిలిచారో.

"వెనక కూడా చూస్తారా?"
తిప్పింది.
వేరే చేతిరాత, గోధుమరంగు సిరా, ఓట్ల గింజల పద్దు:
ఎన్ని బస్తాలు, ఎంత బాకీ. కూడిక తప్పిందట.
గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మా అమ్మమ్మ అనేది,
మరి ఐదుకాళ్ళదైతే?
ఇటువైపు ఎవరో మేపుతుంటేనే
అటువైపు దౌడు.

నోటుబుక్కులో నేను రాసుకున్నది ఒకే అంకె.

నాలుగింటికి బయటపడ్డాను. ఆ రాత్రి ఫుట్‌బాల్ మ్యాచ్.
రోడ్డు మలుపులో పోలీసు గుర్రాలు రెండు,
ఒంటిమీంచి ఆవిర్లు లేస్తూ, తారు మీద డెక్కలు
టక్కు, టక్కు, కాస్త ఆగి, టక్కు.
రెయిన్‌కోటులో ఉన్న రౌతు పిల్ల నన్ను చూసి నవ్వింది.
నేను కిందికి చూస్తున్నాను.

నాలుగు. మళ్ళీ లెక్కపెట్టాను.
నాలుగే.
ఎవరో చెరిపేసినట్టున్నారు.