ఎర్రగీత

దేవరకొండ బస్టాండుకు ఎదురుంగ
మూడు గజాల కొట్టు నాది.
ఒక కంప్యూటరు, ఒక జిరాక్సు మిషిను,
కరెంటు పోతె ఇసురుకునే అట్టముక్క.
దరఖాస్తులు కొడ్త, పెండ్లిపత్రికలు కొడ్త,
సచ్చిపోయినోళ్ల ఫ్లెక్సీలు ఎక్కువ కొడ్త.

మొదట్ల నాకు తప్పొప్పులు జెప్పింది
సైనుబోర్డుల ఖాజా మియా.
ఫోన్ జేస్తె, అవుతల కుంచె కడుగుకుంటనే అడిగేటోడు:
"ఏ అక్షరం తంటా?"
"శ్రద్ధాంజలి, మామూ."
"ద కింద ధ వత్తు. దాని కింద పుల్ల మర్వకు.
పుల్ల లేకుంటె పోయినోళ్ల మీద శ్రద్ధ లేనట్టె."

ఒక్కపారి మర్శిన.
పది ఫీట్ల ఫ్లెక్సీ మీద
నారమ్మవ్వ మొకం పక్కపొంటి
పుల్ల లేని శ్రద్దాంజలి నిలవడ్డది.
ఆమె మనుమడు, పదో తరగతి పిల్లగాడు,
తాడు కట్టుకుంట కట్టుకుంట సూశిండు.
ఏమనలే.
జేబులకెల్లి నల్ల స్కెచ్ పెన్ను దీసి
నిచ్చెనెక్కి తనే పెట్టిండు పుల్ల.
పైసలు మొత్తం ఇచ్చిన్రు.
అదే నన్ను ఎక్కువ కాల్చింది.

ఖాజా మియా కండ్లకు పొర వచ్చినంక
ఇంటర్నెట్ల ఎతుకుడు షురూ జేసిన.
పదం ఏస్తె సాలు, తప్పైతె కింద ఎర్రగీత,
పాముపిల్ల పాకినట్టు వంకర్లు వంకర్లు.
విజ్ఞప్తిని దిద్దింది.
ఆహ్వానంల హ కింద వ అని జెప్పింది.
నిశ్చితార్థం ఎట్ల రాయాల్నో
నడిరాత్రి అడిగినా ఇసుక్కోలే.
అబద్ధమెందుకు, దాని ఉప్పు తిన్నదాన్ని.

నిన్న చందంపేట దిక్కుకెల్లి
కడారి బక్కయ్య వచ్చిండు.
సంకల పాసుబుక్కు, నోట్ల ఆరిపోయిన చుట్ట.
"రాయి బిడ్డా, మా పాలోడు గెట్టు జరిపిండు.
బాయి కాడి ఒరం తెంపిండు.
కంచెలకు మ్యాకలను రానిస్తలేడు."

ఆయన జెప్పుకుంట పోయిండు, నేను కొట్టుకుంట పోయిన.
గెట్టు కింద ఎర్రగీత.
పాలోడు కింద ఎర్రగీత, 'పాలవాడు' కావచ్చునంటది.
ఒరం కింద గీత. 'వరం' అంటది.
తెగిన ఒరం వరమెట్లయితదో దానికే ఎరుక.
మ్యాకలను కూడ ఇడ్శిపెట్టలే.
కాయితం మొత్తం
కంపల వడి గీరుకపోయిన మోకాలు లెక్క.

అది జెప్పినట్టే మార్చిన:
'మా దాయాది సరిహద్దును అతిక్రమించి,
బావి వద్ద గట్టును ధ్వంసం చేసి...'
గీతలన్ని మాయమైనయి.
ఇస్త్రీ జేసిన ధోతి లెక్క తెల్లగున్నది కాయితం.
సదివి ఇనిపిచ్చిన.
బక్కయ్య చుట్ట పక్కకు దీసి
"మంచిగున్నది బిడ్డా" అన్నడు.
"ఇది ఎవలిది?"

ఏం జెప్పాల్నో తోచలే.
హైదరాబాద్ బస్సు ఇంజను బంద్ జెయ్యకుంట నిలవడ్డది,
కొట్టుల పొగ నిండింది.
మళ్ల కొట్టిన.
గెట్టును గెట్టు జాగల పెట్టిన. ఒరం పెట్టిన.
పాలోన్ని పాలోనిగనే ఉంచిన.
'అతిక్రమించి' మాత్రం తీయలే,
ఆ మాట ఇంటె తాసిల్దారు కుర్సీల కదులుతడు.

ఇగ పేరు.
పాసుబుక్కుల 'బొక్కయ్య' అని పడ్డది, మూడేండ్లాయె.
రెండు ఏసి సూశిన.
బొక్కయ్య కింద గీత, బక్కయ్య కింద గీత.
దానికి రెండు ఒక్కటే.
ఈయనకేమో ఒకటి మూడెకరాలు,
ఇంకొకటి ఆఫీసు చుట్టు తిరుగుడు.

రాత్రి షట్టరు గుంజినంక
ఖాజా మియాకు ఫోన్ గలిపిన.
"మామూ, ఒరం కరెక్టా, గట్టు కరెక్టా?"
చానాసేపు సప్పుడు లేదు.
కుంచె కడిగే నీళ్ల సప్పుడు సుత లేదు.
"ఏ గోడ మీద రాస్తున్నవు" అన్నడు,
"అది జెప్పు ముందుగాల."