మూడున్నర గాలి

ఇక్కడ భిలాయిలో
మధ్యాహ్నం మూడున్నరకి
లేచి కిటికీ తీస్తాను.
వడగాలి మొహాన కొడుతుంది.
ఒళ్ళింకా మరిచిపోలేదు.

పెరంబూరులో అది సముద్రగాలి వచ్చే వేళ.
మేడమీద వడియాల గుడ్డ కొస ముందు లేచేది,
వెనకాలే పక్కింటి తిలగవతి గొంతు:
"కాత్తు వందాచ్చు!"
అమ్మ తెలుగులో జవాబిచ్చేది.
ముప్ఫయ్యేళ్ళు అలాగే మాట్లాడుకున్నారు,
ఒకరి భాష ఒకరు నేర్చుకోకుండానే.

కోచ్ ఫ్యాక్టరీ సైరన్‌కి
గడియారాలు సరిచేసుకునే వీధి.
నీళ్ళ లారీ వెంట బిందెల పరుగు.
నాది ఆకుపచ్చది, మూతి దగ్గర కాలిన మచ్చ.
ఇరవైతొమ్మిది సి ఫుట్‌బోర్డు మీద
ఒక్క కాలికే చోటు.
రెండో కాలు ఊరంతా చూసింది.

కూవం కంపు కూడా చెప్పాలి,
చెప్పకపోతే అబద్ధం.
బస్సంతా ఒక్కసారి ముక్కు మూసుకుంటే
దిగాల్సిన స్టాపు దగ్గరపడ్డట్టే.

బెజవాడ పెళ్ళిలో "అవును" అనబోయి
"ఆమా" అన్నానని పందిరంతా నవ్వింది.
నిద్రలో పిలిస్తే
ఇప్పటికీ అలాగే పలుకుతానట.

కిటికీ మూసెయ్యమంటుంది మా ఆవిడ, దుమ్మొస్తోందని.
ఉండు, అంటాను.
దూరం కదా,
దారిలో ఉందేమో.