నైరుతి దిక్కున చెట్టు

ట్రక్కు దిగగానే నేను చూసేది ఇంటిని కాదు,
ఇంటికి నైరుతిని.
డిష్షులు బిగించేవాడి బతుకంతే.
భూమధ్యరేఖ మీద కదలకుండా వేలాడే ఇనుప ముద్ద ఒకటి
ఈ కేప్ బ్రెటన్ ఒడ్డు నుంచి చూస్తే
సముద్రానికి మూడు బెత్తెల ఎత్తున ఉంటుంది.
కంటికి ఆనదు. చేతిలో మీటరు కూస్తే ఉన్నట్టు.

రానల్డ్ పెరట్లో అది కూయలేదు.
కంచె అవతల స్ప్రూస్ చెట్టు,
ఆకాశానికి అడ్డంగా, తడిసిన కంబళిలా.
"కొన కొట్టిస్తే చాలు" అన్నాను.
రానల్డ్ బూటుతో మంచు గీకాడు.
"నాది కాదు. నీల్ డాన్‌ది."
చేపముల్లు నాలుక మీద పెట్టుకుని
పలికినట్టుంది ఆ పేరు.

మర్డీనా పోస్టాఫీసు నడుపుతుంది,
ఎవరి గుట్టూ దాచే అలవాటు లేదు.
పదకొండేళ్ళ కింద రాళ్ళరొయ్యల బోనులు
ఒకరివి ఇంకొకరి గీత దాటాయట.
తాళ్ళు ఎవరు కోశారో సముద్రానికి తెలుసు.
అప్పట్నుంచీ ఆ కంచె మీద వాలింది
మంచూ, కాకులూ, అంతే.

"అయితే కేబులే."
కేబుల్ వాళ్ళ కాగితం బల్ల మీదే ఉంది,
ఉప్పు డబ్బా కింద.
నా పొట్ట కొట్టే కాగితమే, అయినా చదివి పెట్టాను:
నెలకి ఏడు డాలర్లు తక్కువ,
మంచు కురిసినా బొమ్మ చెదరదు,
తీగ మాత్రం రోడ్డు చివరి స్తంభం నుంచి
నీల్ డాన్ నేలలో జానెడు లోతున పూడ్చి తేవాలి,
అతని సంతకంతో.

కాసేపు కెటిలొక్కటే మాట్లాడింది.

ఆకాశం కావాలన్నా అతన్నే అడగాలి.
నేల కావాలన్నా అతన్నే.
నూట ఎనభై చానళ్ళకి దారి
ఆ ఒక్క తలుపే.

"ఏది అడిగితే సిగ్గు తక్కువ?" అన్నాడు రానల్డ్,
నన్ను కాదు, టీకప్పుని.
చెట్టు కొనైతే మళ్ళీ చిగురిస్తుందేమో గానీ
అందాకా మొండెం రోజూ కనపడుతుంది.
తీగ కనపడదు,
కానీ గడ్డి కింద అప్పులా పడుంటుంది.
ధరలు చెప్పగలను నేను.
గాలివానకి ఏది ఎంతసేపు పోతుందో చెప్పగలను.
దీనికి నా ఫారంలో గడి లేదు.

నాలుగింటికొచ్చినవాణ్ణి,
ఎనిమిది కావస్తోంది, శనివారం, హాకీ వేళ.
వాళ్ళ టీవీలో నవంబరు నుంచీ ఉన్నది గరగర ఒక్కటే.
"ఆట లేకుండా ఇంకో శనివారం
ఈ మనిషితో వేగడం నా వల్ల కాదు" అంటూ
మర్డీనా అతని టోపీ తెచ్చి
అతని నెత్తినే పెట్టింది.

టార్చి వెలుతురు కంచె దాకా పోయి ఆగింది.
ఆగింది.
దాటింది.
అవతల తలుపు తెరుచుకుంది, మూసుకోలేదు,
చాలాసేపు వాళ్ళింట్లోకి చలి పోతూనే ఉంది.
తర్వాత మూసుకుంది.
మంచులో టార్చి లేదు.

మేమిద్దరం కిటికీకి ముక్కులానించి చూశాం.
నీల్ డాన్ టీవీకి యాంటెనా అంటే
కోటు తగిలించే తీగ.
ఆటగాడేదో మంచేదో తేలని నీలిబొమ్మ,
దాని ముందు రెండు తలలు,
మధ్య మూడో మనిషి పట్టేంత ఎడం.

తొమ్మిదింబావుకి
ఆ కిటికీలో నాలుగు చేతులు
ఒక్కసారి పైకి లేచాయి.

మర్డీనా నాకు బెల్లపుపాకం రొట్టె ఇంకో ముక్క కోసింది.
"ఏది తేల్చుకుంటాడంటారు?"
"అడిగే ఉండడు" అంది, వెన్న రాస్తూ.

బయటికొచ్చి అలవాటుగా మీటరు ఎత్తాను.
చెట్టు. కూత లేదు.
ట్రక్కు అద్దం మీద మంచు గీకి,
ఫారంలో రెండు గడులూ ఖాళీగానే ఉంచి
కింద రాసుకున్నాను: మళ్ళీ శనివారం రావాలి.
కాసేపాగి, శనివారం కొట్టేసి
మంగళవారం అని దిద్దాను.