చెక్కు మధ్యలో చెయ్యి

ఇరవై రెండేళ్లుగా టంగుటూరు గోడౌన్లో
పొగాకు గ్రేడింగు పని నాది.
ఆకు వేళ్ల మధ్య పడితే చాలు,
కళ్లు మూసుకుని చెప్తాను
ఇది మేలు రకం, ఇది మధ్య రకం, ఇది లోగ్రేడు.
నా కూతురి మార్కుల కాగితం మాత్రం
ఎంతసేపు పట్టుకున్నా చేతికి ఏమీ చెప్పలేదు.

వెయ్యికి ఆరొందల పదకొండు. బైపీసీ.

"ఫస్టు క్లాసేగా" అన్నాను.
"ఆ మాట ఇప్పుడెవరూ అనటంలేదమ్మా" అంది షారోను,
అంట్లు తోముతా, నా వైపు తిరక్కుండా.

బస్టాండు ఎదురు ఫ్లెక్సీ మీద
తొమ్మిదొందల ఎనభైలు పళ్లు కనపడేట్టు నవ్వుతున్నాయి.
దాని నీడలో నిలబడే మేం బస్సెక్కేది.

తెల్లారిందగ్గర్నుంచి ఒకటే ఫోన్లు.
సీటుంది మేడం, ల్యాప్‌టాపు ఫ్రీ మేడం,
ఫీజు గవర్నమెంటే కడతది, మీరు సంతకం పెడితే చాలు మేడం.
పుట్టి బుద్ధెరిగాక నన్ను మేడం అన్న మొదటి మనిషి అతనే.
అక్కడే అనుమానం వచ్చింది నాకు.

మా దగ్గర కొందరు చెక్కు ఎట్టా కడతారో తెలుసా?
పైన నాలుగు వరసలు బంగారం లాంటి ఆకు,
కింద నాలుగు వరసలు అదే,
మధ్యలో ముక్కలు, మాడిన చెత్త.
తెలిసిన బయ్యరు పైన చూడడు.
మోచేతి దాకా చెయ్యి దూర్చి
లోపలి ఆకు ఒకటి లాగి ఈనె విరుస్తాడు.

సరే, రెండు రోజుల కూలి పోతే పోయింది,
షారోనుని తీసుకుని బయల్దేరాను.

ఒంగోల్లో మొదటిదానికి అద్దాల తలుపు.
కూల్‌డ్రింకు ఇచ్చారు, తాగాం.
ల్యాబు చూపించండి అన్నాను.
తాళం సార్ దగ్గరుంది, సార్ లీవులో ఉన్నాడు.
ఎన్నాళ్లబట్టి అంటే ఆ పిల్ల నేల చూసింది.

రెండోదాంట్లో తాళం తీశారు.
మైక్రోస్కోపులు కొన్న రోజు ప్లాస్టిక్ కవర్లోనే ఉన్నాయి.
బయట టీ బంకు దగ్గర ముగ్గురు కుర్రాళ్లు,
"ఇయ్యన్నీ కట్టేసిన తర్వాత అడగాల ఆంటీ" అని నవ్వారు.
వాళ్లలో ఒకడు నవ్వలేదు.

మూడోది కందుకూరు రోడ్డులో.
పెచ్చులూడిన గోడ, బోర్డు మీద రెండు అక్షరాలు లేవు.
ఆడపిల్లల బాత్రూముకి గడియ లేదు.
అది చూసాను, ఆఫీసులో చెప్పాను కూడా.
మెట్ల పక్క గదిలో బోటనీ మేడమ్ ఒకామె
కొంగు దోపుకుని ఎవర్నో తిడతావుంది,
ఇంత మందంగా కోస్తే ఏం కనపడుద్దిరా అని.
షారోను గుమ్మంలో ఆగిపోయింది.
ఆమె ఎవరని అడగలేదు. బ్లేడు చేతికిచ్చింది.
"నువ్వు కొయ్యి."

ప్రతి ఎండాకాలం నా పక్కన కూచుని
ఈనెలు వలిచిన వేళ్లు అవి.
ఉల్లిపొర కన్నా పల్చగా లేచింది ముక్క.
మేడమ్ కన్ను ఆనించి చాలాసేపు చూసింది.
బాగుందని గానీ, బాగాలేదని గానీ అనలేదు.
"ఇంకోటి కొయ్యి" అంది.

మార్కుల సంగతి తర్వాత గుమాస్తా అడిగాడు,
పుస్తకంలో రాసుకోవటానికి.

ఇప్పుడు మా వీధిలో ఎవరడిగినా
కాలేజీ పేరు రెండుసార్లు చెప్పాల్సొస్తంది.
అయినా వినపడనట్టే తల ఊపుతారు.
నాకూ లోపల కొంచెం పీకుతానే ఉంది, అబద్ధమెందుకు.
వేలంలో నో బిడ్ పడిన చెక్కు
సాయంత్రం బండెక్కి ఇంటికి రావటం చూసినదాన్ని.
మర్నాడు అదే చెక్కు అమ్ముడవటమూ చూసాను.
ఏ రోజు ఏదవుతుందో ఎవరికి తెలుసు.

రాత్రి అన్నం తింటంటే మళ్లీ ఫోను.
"మేడం, మీ అమ్మాయికి ఒక్క సీటు ఆపి ఉంచాం..."
ఎంగిలి చేత్తోనే పట్టుకుని అడిగాను,
"ఏందయ్యా, ల్యాబు తాళం దొరికిందా?"