కిందిపక్క

ప్రాణహితలో మునిగి లేచిన రోజు
అయిపోయిందనుకున్నా.
పద్దెనిమిదేళ్లు. తెల్ల చొక్కా. గట్టి గొంతు.
సిరొంచ సంఘంలో నా ప్రార్థనంత పొడుగు
ఎవరిదీ కాదు.

తీతుతో మాటలు మానేసి మూడేళ్లు,
కూలి లెక్కలో డెబ్భై కట్టల తేడా.
ఒకే చాప, ఒకే పాత్ర,
చెరో గోడ.

తునికాకు కల్లంలో ఎస్తేరవ్వ
కట్టలు తిరగేస్తూ అంది:
"పైపక్కే ఎండింది బిడ్డా,
కిందిది ఇంకా పచ్చే. బూజు పడతది."
ఆకుల గురించే అంది.

ఆ ఆదివారం బల్ల దగ్గర
రొట్టె చేతిలోకి రాకముందే లేచాను.
తీతు పక్కకి జరిగాడు,
చాప మీద కొంచెం చోటు.
ఇద్దరం ఏం మాట్లాడలేదు.
అతని మోకాలు వణుకుతోంది,
నాదీ.

ఇప్పుడు నా ప్రార్థన పొట్టిది.
మధ్యలో మాట దొరక్కపోతే
తీతు అందుకుంటాడు.